శనివారం సత్సంగానికి మళ్లీ నలుగురేనా?

మా ఫ్లాట్‌లో శనివారం సత్సంగానికి మళ్లీ నలుగురే వచ్చారు. భజన, ఫోన్లు, ప్రసాదం అన్నీ నేనే చూస్తున్నా. అయినా పెరగట్లేదేంటని స్వామి మీదే అలిగాను.

అప్పుడే సియోల్‌లోని యొయిదో చర్చి గురించి చదివా. 1964లో పాస్టర్ యోంగీ చో అన్నీ ఒక్కరే మోసి, అలసి కుప్పకూలారు. ఆ తర్వాత ఇళ్లలో ప్రార్థన కూటాలు నడిపే బాధ్యత స్త్రీలకు అప్పగించారు. వాళ్లు ఇరుగుపొరుగు కష్టసుఖాలు కనుక్కుని, వాళ్లకోసం ప్రార్థించి, అప్పుడు పిలిచేవారు. కూటాలు అలా పెరిగాయి. (మతం వేరే, నిజమే. నేర్చుకోడానికి అడ్డేంటి?)

నేనేమో వాట్సాప్‌లో పోస్టర్ పెట్టి ఊరుకున్నా. మూడో ఫ్లోర్ ఆంటీకి మోకాలి ఆపరేషన్ అయిన సంగతే నాకు తెలీదు!

ఈ వారం భజన తమ్ముడు పాడతాడు. నేను ఆంటీని చూడ్డానికి వెళ్తున్నా. శనివారం ఆవిడ గోత్రనామాలు చెప్పి అర్చన చేస్తాం. రమ్మని మాత్రం ఇప్పుడే అడగను.