సగం పానకం

మంగళగిరి కొండ మీద అర్చకులు నరసింహస్వామి నోట్లో శంఖంతో బెల్లం పానకం పోస్తారు. గుటక శబ్దం ఆగాక మిగిలిన సగం భక్తుడికే ప్రసాదంగా తిరిగొస్తుంది. అది మహిమా, రాతి గుణమా అన్న చర్చ జోలికి పోను. తెచ్చినవాడు మొత్తం తనదనుకోవడానికి వీల్లేని ఆ లెక్క మాత్రం కొండ కింద ఆస్పత్రుల్లోని ఫిజియోథెరపీ గదికి బాగా అతుకుతుంది. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన నేతగాణ్ణి ఊహించండి. గుంటమగ్గంలో కాళ్లతో తొక్కాలి, చేత్తో నాడె ఆడించాలి. పోస్టింగు మారి కొత్త ఫిజియోథెరపీ విద్యార్థి అతని ఫైలు అందుకుంటాడు. మోచెయ్యి ఎంత వంగుతోందో గోనియోమీటరు ఆనించి కొలుస్తాడు. కిందటి విద్యార్థి రాసిన అంకె కంటే పది డిగ్రీలు ఎక్కువ. ఆ పది డిగ్రీలు ఎవరి ఫలం?

ఫలం మీద అధికారం లేదన్న గీత మాటను ఫలం వంక చూడొద్దన్నట్టు చదువుతాం. కొలవకుండా ఈ వైద్యం సాగదు. చూడాలి, సొంతం చేసుకోకూడదు, అంతే. విద్యార్థి చెయ్యి కదిపిస్తే కీలు బిగుసుకోకుండా కొంత సాయపడొచ్చు గానీ, దెబ్బతిన్న మెదడు ఆ కదలికను మళ్లీ నేర్చుకోవాలంటే రోగి తానే పదేపదే ప్రయత్నించాలి. గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఆశ్రయం, కర్త, సాధనాలు, చేష్టలు, దైవం అని ఐదు కారణాలు చెప్పి, తానొక్కణ్ణే కర్తననుకునేవాడికి చూపు సరిగా లేదంటుంది. ఆ చూపు లేనివాడే పోస్టింగు ముగిసేలోగా ఇంకో ఐదు డిగ్రీలు రాబట్టాలని బిగిసిన కీలును బలవంతంగా వంచుతాడు.

మరి మెరుగుదల నాది కాకపోతే గాయం మాత్రం నాదెలా అవుతుందని విద్యార్థి అడగొచ్చు. గట్టి ప్రశ్నే. మంచి పనికీ చెడ్డ పనికీ అవే ఐదు కారణాలంటుంది గీత. ఇక్కడ నాకు కొంచెం తేడా కనిపిస్తుంది. చీర దిగాలంటే పడుగు, పేక, మగ్గం, మనిషి అన్నీ కుదరాలి. పోగు తెంచడానికి ఒక్క చెయ్యి చాలు. అందుకే ఫలాన్ని వదులుకున్నంత సులువుగా జాగ్రత్తను వదులుకోలేం. నేర్చుకునే చేతికి మా నాన్న భుజం ఎందుకివ్వాలనే కుటుంబానికీ పైనున్న థెరపిస్టు పర్యవేక్షణ, రోగి ఒప్పుకోలు, ఈ జాగ్రత్త తప్ప వేరే జవాబు లేదు. వెళ్లేముందు విద్యార్థి ఆనాటి అంకె రాసి, దాని కింద తర్వాత వచ్చేవారి కోసం ఇంకో వాక్యం రాస్తాడు: కుడి చెయ్యి పట్టుకుని లేపొద్దు, భుజం ఇంకా వదులుగా ఉంది.