చివరి ముద్ద ఎవరి వాటా?

దస్తర్‌ఖాన్ పరచగానే ముందుగా ఇంటి మగవారు కూర్చుంటారు, వారితో పిల్లలు. వండిన ఇల్లాలు మాత్రం రొట్టెలు కాలుస్తూ, సాలన్ వడ్డిస్తూ, నీళ్ళు అందిస్తూ వంటింటికీ హాలుకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. అందరూ లేచాక, ముక్కలన్నీ అయిపోయిన గిన్నె అడుగు ఊడ్చుకుని ఆమె తింటుంది. ఇది ముస్లిం ఇళ్ళకే పరిమితమైన ఆచారం కాదు. మన దేశంలో మతాలకు అతీతంగా ఎన్నో కుటుంబాల్లో ఉన్నదే. భర్త తిన్న విస్తట్లోనే భార్య తినడం మర్యాదగా భావించిన ఇళ్ళూ ఉన్నాయి. తాతల నాటి నుంచి వస్తోంది కాబట్టి ఇదే ధర్మమని మనమూ అనుకుంటూ వచ్చాం. నిజంగా ఇది ధర్మమేనా?

దీన్ని సమర్థించేవారి మాట తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు, తనవారు కడుపునిండా తింటే ఆమెకదే తృప్తి అంటారు. జనానికి నీళ్ళు పోసేవాడు అందరికన్నా చివర తాగాలన్న హదీసును కూడా గుర్తుచేస్తారు. నిజమే, అది సహీహ్ ముస్లింలో ఉంది. అయితే దాన్ని ఎవరు ఆచరించి చూపారో కూడా చూడాలి. ఆకలితో ఉన్న హజ్రత్ అబూ హురైరా (రజి) చేత ఒక పాత్రలోని పాలను సుఫ్ఫా వాసులందరికీ ఇప్పించారు దైవప్రవక్త (స). తర్వాత అబూ హురైరాను తృప్తిగా తాగమన్నారు. మిగిలినది చిట్టచివర తాను తాగారు. అంటే చివరి వంతును నాయకుడు తనకోసం ఎంచుకున్నారు, మరొకరి నెత్తిన పెట్టలేదు. మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి, పూటపూటా ఆ వంతు ఒక్క మనిషికే వస్తోంది. దాన్ని త్యాగమని పొగిడేది కూడా ఎక్కువగా ముందు తిన్నవారే!

సేవకుడు భోజనం తెచ్చినప్పుడు అతణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, అలా కుదరకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వండి, ఆ వంట వేడిని భరించింది అతనే కదా అని మహాప్రవక్త (స) బోధించారు. పొయ్యి సెగకు ఓర్చుకున్న సేవకుడికే ఇంత హక్కు ఉంటే, ఇంటి యజమానురాలి సంగతేమిటి?

ఈ విషయంలో మనకు అన్నిటికన్నా ప్రియమైనది ఒక పొరుగువాని ఉదంతం. ఆయన పర్షియా దేశస్థుడు, మాంసం పులుసు బాగా వండేవాడు. ఒకరోజు పులుసు చేసి దైవప్రవక్త (స)ను ఆహ్వానించాడు. "మరి ఈమె?" అన్నట్లుగా ఆయన హజ్రత్ ఆయిషా (రజి) వైపు చూపారు. ఆమెను కాదన్నాడు పొరుగువాడు. అయితే తానూ రానన్నారు. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి అతను సరేనన్నాకే ఇద్దరూ లేచి అతని ఇంటికి వెళ్ళారు. ఒక పూట విందును వదులుకోవడానికైనా సిద్ధపడ్డారు గానీ, ఆమెను ఇంట్లో వదిలి ఒంటరిగా తినడానికి ఇష్టపడలేదు.

అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చోవడం తప్పనిసరి అని మనం చెప్పడం లేదు. కలిసి తిన్నా విడివిడిగా తిన్నా దోషం లేదని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 61వ ఆయతు స్పష్టం చేస్తోంది. పరాయి పురుషులు అతిథులుగా వచ్చినప్పుడు స్త్రీలు వేరుగానే తింటారు. అయితే వేరుగా తినడం ఒకటి, మిగిలింది తినడం మరొకటి. వడ్డించకముందే స్త్రీల వాటా ముక్కలతో సహా మరో గిన్నెలోకి తీసి ఉంచడానికి ఏ షరీఅత్ అడ్డుపడుతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో 25 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ దస్తర్‌ఖాన్ మీదికి నెట్టలేం. కానీ ఆమె పళ్ళెంలోకి ఏం వచ్చిందో చూసే బాధ్యత మాత్రం మనదే.

రమజాన్‌లో ఈ వ్యత్యాసం మరీ కొట్టొచ్చినట్లు కనబడుతుంది. సూర్యాస్తమయం కాగానే జాప్యం చేయకుండా ఉపవాసం విరమించడం సున్నత్. ఆ సున్నత్ ఆమెకూ వర్తిస్తుంది. అజాన్ వినిపిస్తుంటే నూనె మూకుడు ముందు నిలబడి ఖర్జూరం నోట్లో వేసుకునే తల్లులు, భార్యలు మన ఇళ్ళలో ఎందరో! ఆ సాయంత్రం బజ్జీలు లేకపోయినా ఇఫ్తార్ అవుతుంది. అజాన్‌కు పది నిమిషాల ముందే పొయ్యి ఆర్పేసి, పండ్లు కోసే పనిని అబ్బాయిలకు అప్పగించి, ఆమెను కూడా దుఆలో కూర్చోబెట్టవచ్చు.