కథను దిద్దే హక్కు, తొలి పాఠాన్ని తుడిచే హక్కు

ప్రవేశిక

ఒక కృతి లోకంలోకి వచ్చిన తరువాత దానిని మార్చే హక్కు కర్తకు ఎంతవరకు ఉంటుంది? తాళపత్ర ప్రతులను పరిష్కరించిన మన పండితులు ప్రధానంగా లేఖక దోషాలతోను, ప్రక్షిప్తాలతోను పెనుగులాడారు. కర్తే తన కృతిని పదేపదే దిద్ది, దిద్దినదే అసలు పాఠమని ప్రకటిస్తే ఏం చేయాలన్న ప్రశ్న వారికి అంతగా ఎదురు కాలేదు. ఏళ్ల తరబడి సాగే వైజ్ఞానిక కల్పనా చిత్రమాలికలు ఆ ప్రశ్నను ఇప్పుడు మన ముందు నిలిపాయి. కథను మార్చడం, తొలి పాఠాన్ని అదృశ్యం చేయడం అనేవి రెండు వేర్వేరు చర్యలని, వాటి నైతికతను విడివిడిగా తూచాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

రెండు విధాల మార్పు

జార్జ్ లూకస్ 'స్టార్ వార్స్' 1977లో విడుదలైంది. కథానాయకుడి తండ్రిని డార్త్ వేడర్ చంపాడని అందులో ఒక వృద్ధ గురువు చెబుతాడు. 1980 నాటి రెండవ చిత్రంలో ఆ వేడరే తండ్రి అని తేలుతుంది. 1983 నాటి మూడవ చిత్రంలో గురువు తన పాత మాటను ఒక దృష్టితో చూస్తే సత్యమేనని సమర్థించుకుంటాడు. ఇక్కడ తొలి చిత్రంలో ఒక్క దృశ్యమూ మారలేదు, దాని అర్థం మాత్రం మారింది. ఇది మొదటి విధం.

1997 నాటి ప్రత్యేక ప్రతిలో జరిగినది వేరు. తొలి చిత్రంలో హాన్ సోలో అనే దొంగరవాణాదారు తనను పట్టుకోవచ్చిన గ్రీడోను తానే ముందు కాల్చి చంపుతాడు. కొత్త ప్రతిలో గ్రీడో ముందు కాల్చినట్లు దృశ్యాన్ని దిద్దారు. నాయకుడి హత్య ఆత్మరక్షణగా మారింది. స్వార్థపరుడు క్రమంగా త్యాగశీలి కావడమే ఆ పాత్ర ప్రయాణం కనుక, ఈ దిద్దుబాటు ఆరంభంలోని మచ్చతో పాటు పరిణామపు విలువనూ కొంత తగ్గించింది. ఆ తరువాత అధికారికంగా ప్రచారంలో నిలిచినవి దిద్దిన ప్రతులే. 2006లో డీవీడీకి అనుబంధంగా వచ్చిన సందర్భం వంటివి తప్ప, పాత పాఠం సామాన్య ప్రేక్షకుడికి అందలేదు. పాత చిత్రాలకు రంగులద్దడం వంటి మార్పులను వ్యతిరేకిస్తూ 1988లో అమెరికా కాంగ్రెస్ ఎదుట సాక్ష్యమిచ్చినవాడు ఈ లూకసే కావడం గమనించదగినది.

మన సంప్రదాయం చెప్పేది

నాయకుడి దోషాన్ని తగ్గించడానికి కథను మార్చడం మన సాహిత్యానికి కొత్త కాదు. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను గుర్తెరిగి కూడా, లోకాపవాదానికి వెరచి, ఎరుగనంటాడు. కాళిదాసు దుర్వాస శాపాన్ని కల్పించి, ఆ అబద్ధాన్ని మరపుగా మార్చాడు. రసానికి అనుకూలించని కథాంశాన్ని విడిచి కవి కొత్తది కల్పించవచ్చునని ఆనందవర్ధనుడు అంగీకరించాడు. కుంతకుడు ఈ శాప కల్పననే ప్రకరణ వక్రతకు ఉదాహరణగా గ్రహించాడు. కాబట్టి మార్పు దానంతట అది దోషం కాదు.

అయితే కాళిదాసు మార్చినా వ్యాసుడి దుష్యంతుడు అలాగే ఉన్నాడు. నన్నయ ఆదిపర్వం తెరిస్తే తెలుగు పాఠకుడికి ఆ అబద్ధమాడిన రాజు నేటికీ కనిపిస్తాడు. ఇద్దరు దుష్యంతులనూ పక్కపక్కన నిలిపినప్పుడే కాళిదాసు చేసిన పని ఎంతటిదో తెలుస్తుంది. పోల్చడానికి పాత పాఠం లేకపోతే ఆ ప్రతిభను గుర్తించే అవకాశమే ఉండదు.

తెలుగులో 2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రం 'కల్కి 2898 ఏ.డి.' ఈ మార్గంలోనిదే. సౌప్తిక పర్వంలో అశ్వత్థామకు కలిగిన శాపం కేవలం దండన: మూడు వేల ఏళ్ల ఒంటరి సంచారం. చిత్రంలో ఆ శాపానికి ఒక గమ్యం ఏర్పడింది. పుట్టబోయే కల్కిని కాపాడటం అతని కర్తవ్యమైంది. గర్భస్థ శిశువుపై అస్త్రం వేసినవాడే గర్భస్థ శిశువుకు కాపలా కావడం నైతికంగా గాఢమైన కల్పన. అయినా ఆ గాఢత తెలియాలంటే, విముక్తి ప్రసక్తి లేని పాత శాపం ప్రేక్షకుడి స్మృతిలో ఉండాలి.

కర్త స్వాతంత్ర్యం అన్న వాదం

తన కృతి తనదే కనుక పాతదానిని ఉపసంహరించుకునే హక్కు కర్తకు ఉందని వాదించవచ్చు. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. భారతీయ కాపీరైట్ చట్టం, 1957లోని 57వ సెక్షన్ ఇతరులు చేసే వికృతీకరణ నుంచి కర్తకు రక్షణ ఇస్తుంది. కర్త నుంచి కృతిని రక్షించడం ఆ సెక్షన్ ఉద్దేశం కాదు. ఆ బాధ్యత నీతికే మిగులుతుంది.

గురజాడ ఉదాహరణ ఇక్కడ ఉపకరిస్తుంది. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకాన్ని ఆయన 1909 నాటికి దాదాపు కొత్త రచన అనిపించేంతగా మార్చారు. మలి కూర్పే గొప్పదని విమర్శకులలో అధికులు భావిస్తారు. అయినా తొలి కూర్పు నిలిచి ఉండటం వల్లనే మధురవాణి ఎలా ఎదిగిందో పరిశోధకుడు చెప్పగలుగుతున్నాడు. తొలి పాఠం మలి పాఠానికి పోటీ కాదు, సాక్షి. రాజమౌళి 'బాహుబలి' రెండు భాగాలను కుదించి 2025లో ఒకే చిత్రంగా విడుదల చేసినప్పుడు కూడా 2015, 2017 నాటి చిత్రాలు అందుబాటులోనే ఉన్నాయి. అది మరొక పఠనాన్ని అందించిందే తప్ప దేనినీ తుడిచివేయలేదు.

గవర్నర్‌పేట చెప్పే పాఠం

విజయవాడలోని గవర్నర్‌పేట, గాంధీనగర్ ప్రాంతాలు చిరకాలం చిత్ర పంపిణీకి కేంద్రాలు. ఫిల్ము రీళ్లు పెట్టెలలో అక్కడి నుంచి కృష్ణా డెల్టా ఊళ్లకు వెళ్లిన రోజుల్లో విడుదలయ్యాక చిత్రాన్ని కత్తిరించడం, తరువాతి వారాలలో పాటను జత చేయడం జరిగేవే. కానీ ప్రతి పెట్టెనూ ఒకేసారి దిద్దడం కష్టం. ఒక ఊరి ప్రతిలో పోయిన దృశ్యం మరొక ఊరి ప్రతిలో మిగలవచ్చు. ఆ విధంగా ఫిల్ము ప్రతులు తాళపత్రాల వలె పాఠాంతరాలను తమకు తెలియకుండానే కాపాడాయి. నేటి డిజిటల్ ప్రదర్శనలో ఆ రక్షణ లేదు. మూల ఫైలు ఒక్కటి మారితే తెరలన్నీ ఒక్క రాత్రిలో మారగలవు. పాతది నిలవాలంటే ఇప్పుడు ఎవరో ఒకరు బుద్ధిపూర్వకంగా నిలపాలి.

ముగింపు

ప్రేక్షకుడు చిత్రానికి యజమాని కాడు, కానీ తాను చూచినదానికి సాక్షి. కర్త కథను ఎన్నిసార్లయినా దిద్దవచ్చు. కానీ తొలి పాఠాన్ని లోకం నుంచి తొలగిస్తే, దానిని చూసి ఆలోచించిన మనిషి స్మృతికి ఆధారం పోతుంది. హాన్ సోలో ముందు కాల్చాడని ఒక తరం అంటే, కాదని మరొక తరం తెర చూపించే స్థితిలో ఇద్దరూ సత్యమే చెబుతున్నా ఒకరు అబద్ధీకులవుతారు. పరిష్కర్తలు పాఠాంతరాన్ని తీసివేయకుండా పేజీ అడుగున చేర్చిన పద్ధతిలో ఒక నీతి ఉంది: తాను ఎంచినదానిని పైన ఉంచి, ఎంచనిదానిని చదువరికి అందేంత దూరంలో ఉంచడం. దిద్దుకునే చలనచిత్ర కర్త నుంచి మనం కోరదగినది అంతే.