మొక్కై వంగనిది

మనిషి ఎలా ఎదుగుతాడన్న విషయం మీద తెలుగులో రెండు సిద్ధాంతాలు చాలాకాలంగా చెలామణీలో ఉన్నాయి. ఒకటి, పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. రెండోది, మొక్కై వంగనిది మానై వంగునా. గొప్పవాడయ్యే లక్షణాలు చిన్నప్పుడే బయటపడతాయని మొదటిది అంటుంది. చిన్నప్పుడు అలవడనిది పెద్దయ్యాక అలవడదని రెండోది అంటుంది. మా మదనపల్లెలో మొదటిదాన్ని మార్కులొచ్చిన పిల్లల గురించీ, రెండోదాన్ని రానివాళ్ల గురించీ వాడేవాళ్లు. రెండూ తీర్పులే. అందుకే వీటిని వినగానే నాకొక ప్రశ్న వస్తుంది: ఒక మనిషి గురించి "వీడింతే" అనే హక్కు మనకెప్పుడు వస్తుంది? ఎంతకాలం చూశాక?

ఇది నైతిక ప్రశ్న. కానీ అసలు మనుషుల ఎదుగుదల గురించి మనకు తెలిసింది ఎలా తెలిసిందో చూడకుండా దీనికి జవాబు దొరకదు. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషిలో వచ్చే మార్పుల్ని పరిశీలించే మనస్తత్వశాస్త్రాన్ని ఔత్సాహికుడిగా చదివినప్పుడు నన్ను పట్టుకున్నవి అందులోని సిద్ధాంతాల కన్నా పద్ధతులు.

పుంగనూరులో ఇవాళ ఇరవై, నలభై, డెబ్భై ఏళ్ల వాళ్లను వందేసి మందిని పిలిచి ఒకే పరీక్ష పెట్టామనుకోండి. కొన్ని లెక్కలు, కొన్ని మాటలు గుర్తుపెట్టుకోవడం, బొమ్మల్లో తేడా పట్టడం. ఇరవై ఏళ్ల వాళ్లకు ఎక్కువ మార్కులు, డెబ్భై ఏళ్ల వాళ్లకు తక్కువ మార్కులు వస్తాయి. వయసు పెరిగేకొద్దీ బుద్ధి తగ్గుతుందని ఒక గీత గీసేయొచ్చు. దీన్ని క్రాస్-సెక్షనల్ పద్ధతి అంటారు. ఖర్చు తక్కువ, పని త్వరగా అయిపోతుంది. కానీ ఆ డెబ్భై ఏళ్ల ఆమెకు తన ఇరవయ్యో ఏట ఎన్ని మార్కులు వచ్చేవో ఆ గీత చెప్పదు. ఆమె 1950ల్లో పుట్టిన మనిషి. ఊళ్లో బడి ఉందో లేదో, ఉన్నా ఆడపిల్లను పంపారో లేదో. మా అవ్వకు అక్షరాలు రావు. టమోటా మార్కెట్లో ఎన్ని బాక్సులు, ఏ రేటు, కమీషన్ పోను చేతికెంత అన్నది నోటితోనే తేల్చేసేది. ఆమె చేతికి పెన్సిలిచ్చి పరీక్ష పెట్టుంటే సున్నా వచ్చేది. ఆ సున్నాను ముసలితనం ఖాతాలో వెయ్యాలా, ఆమె పుట్టిన కాలం ఖాతాలో వెయ్యాలా?

ఈ రెంటినీ విడదీయడానికి వార్నర్ షాయీ అనే మనస్తత్వవేత్త 1956లో అమెరికాలోని సియాటిల్‌లో 500 మందితో ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. ఏడేళ్లకొకసారి అదే మనుషుల్ని మళ్లీ పరీక్షించడం, ప్రతిసారీ కొత్తవాళ్లను కూడా చేర్చుకోవడం దాని పద్ధతి. ఒక్కసారి చూసిన లెక్కల్లో బుద్ధి చిన్న వయసు నుంచే జారిపోతున్నట్టు కనిపించింది. అదే మనుషుల వెంట నడిచి చూస్తే, వేగం ముందుగా తగ్గినా, చాలా సామర్థ్యాలు అరవై దాకా పెద్దగా తగ్గలేదు. వయసు తెచ్చిన నష్టమనుకున్నదాంట్లో చాలా భాగం తరాల మధ్య చదువులో, తిండిలో, ఆరోగ్యంలో ఉన్న తేడా. మా భాషలో చెప్పాలంటే, ఒక్క స్నాప్‌షాట్ చూసి లాగ్ మొత్తం తెలిసిపోయిందనుకున్నారు.

మన ఇళ్లలో ఈ పొరపాటు రోజూ జరుగుతుంది. ఫోన్‌లో డబ్బు పంపడం రాని తండ్రికి "వయసైపోయింది" అంటాం. ఆయన నలభై ఏళ్లు బ్యాంకు చలానాలు తప్పులేకుండా నింపిన మనిషి. ఆయన వయసు మారింది, మనం చుట్టూ ఉన్న వస్తువుల్ని కూడా మార్చేశాం. నేరం మాత్రం మొత్తం వయసు మీదికి నెట్టేస్తాం.

అదే మనుషుల వెంట ఏళ్ల తరబడి నడిచే రెండో పద్ధతి పేరు లాంగిట్యూడినల్. డీఎస్సీ పుస్తకాల్లో అనుదైర్ఘ్య పద్ధతి అంటారు. దీనికి పెద్ద ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడిచే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇక్కడ ఏడాది వయసు అటూ ఇటుగా ఉన్న పిల్లలు 2,000 మంది, ఎనిమిదేళ్ల వాళ్లు 1,000 మంది. రాయలసీమ నుంచి కడప, అనంతపురం జిల్లాలు అందులో ఉన్నాయి. మా మదనపల్లె లేదు గానీ, ఆ నేల, ఆ వానలు మావే.

2002 అంటే మా పక్క ఎవరికైనా గుర్తొచ్చేది కరువు. ఆ కరువులో పసివాళ్లుగా ఉన్న పిల్లలు బరువులో, ఎత్తులో వెనకబడ్డారు. "మొక్కై వంగనిది" సామెత ప్రకారం కథ అక్కడితో అయిపోవాలి. 2003లో బడుల్లో మధ్యాహ్న భోజనం వండి పెట్టడం మొదలైంది. ఇదే అధ్యయనం సమాచారంతో ఆర్థికవేత్తలు లెక్కవేసి చూస్తే, కరువు వల్ల దెబ్బతిన్న పిల్లల్లో ఆ భోజనం తిన్నవాళ్లు ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకున్నారని తేలింది. ఏడాది వయసులో గిడసబారిన పిల్లల్లో కొంతమంది ఎనిమిదేళ్లొచ్చేసరికి కోలుకున్నారని ఇంకో పరిశీలన చెప్పింది. అందరూ కోలుకోలేదు. పసితనంలో తిన్న దెబ్బ నిజమే, అది చివరిమాట కాకపోవడమూ నిజమే. ఒక్కసారి చూసి వచ్చేసినవాళ్లకు ఇందులో సగమే కనిపించేది.

ఇక సగటు సంగతి. బెంగళూరులో ఒకటో తరగతి చదువుతున్న మా అమ్మాయి గురించి బళ్లో ఒక గ్రాఫ్ చూపించారు. "తన వయసు పిల్లల సగటు కన్నా కొంచెం కింద ఉంది సార్" అన్నారు. నాకు వెంటనే పుంగనూరు ఆవు గుర్తొచ్చింది. నడుమెత్తు కూడా ఉండని ఆ ఆవును ఒంగోలు ఆవుల పట్టికలో పెడితే అది ఎదుగుదల ఆగిపోయిన జంతువు. దాని జాతిలో అది నిండు ఆవు. ఎవరి సగటుతో ఎవరిని కొలుస్తున్నామన్నది ముందు తేల్చుకోవాలి.

అయితే ఈ పోలికను పిల్లల మీదికి తెచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. "మనవాళ్లు పొట్టే, వాళ్ల పట్టికలు మనకెందుకు" అన్న మాట ఆకలిని కప్పిపుచ్చడానికి కూడా పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లల్ని కొలిచింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు. తల్లిపాలు, సరైన తిండి, వైద్యం, పొగలేని ఇల్లు ఉన్న పిల్లల్నే ఎంచుకున్నారు. ఆ వసతులుంటే ఆరు దేశాల్లోనూ పసిపిల్లలు దాదాపు ఒకేలా పొడుగయ్యారు. ఇప్పుడు అంగన్‌వాడీల్లో వాడే పట్టికలకు మూలం ఇదే. ఆవు పొట్టిదనం జాతి లక్షణం. అంగన్‌వాడీలో బరువు తక్కువ తూగిన బిడ్డ విషయంలో ముందు తిండి గురించి అడగాలి. తేడా కనబడినప్పుడు దాన్ని గౌరవించాలా, సరిదిద్దాలా అన్నది ప్రతిసారీ కొత్తగా అడగాల్సిన ప్రశ్న. సగటు ఆ ప్రశ్నను లేవనెత్తుతుంది, జవాబు మాత్రం ఇవ్వదు.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో చేసిన ప్రయోగం ఈ విషయంలో నాకు నచ్చుతుంది. ఒకే గది, ఒకే టీచరు, రకరకాల వయసుల పిల్లలు. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని ఒక నిచ్చెనలా అమర్చారు. ఏ పిల్ల తన మెట్టు తను ఎక్కుతుంది. నాలుగు రోజులు జ్వరమొచ్చి రాకపోతే, ఆగిన మెట్టు నుంచే మళ్లీ మొదలు. మెట్లు ఉన్నాయి కాబట్టి ప్రమాణాన్ని వదిలేసినట్టు కాదు. తేదీలను మాత్రం వదిలేశారు.

రిషివ్యాలీ అనగానే జిడ్డు కృష్ణమూర్తి గుర్తొస్తారు. 1895లో మదనపల్లెలోనే పుట్టారు. మలేరియాతో తీసుకునే పిల్లవాడు. బళ్లో దెబ్బలు తిన్నాడు, మందమతి అనిపించుకున్నాడు. 1909లో మద్రాసు అడయారులో లెడ్‌బీటర్ ఆ పిల్లవాణ్ణే చూసి, రాబోయే జగద్గురువుకు ఇతడే వాహకమవుతాడన్నాడు. ఒకే పిల్లవాడి మీద కొద్ది ఏళ్ల తేడాతో పూర్తిగా ఎదురెదురు తీర్పులు. 1929లో ఆయన తన కోసమే పెట్టిన సంస్థను తానే రద్దుచేశారు. "చివరికి ప్రపంచ ప్రసిద్ధుడైన బోధకుడే అయ్యాడుగా, జోస్యం నిజమేగా" అనొచ్చు. కానీ జోస్యం చెప్పినవాళ్లే ఆయన్ని పెంచారు, లండన్ పంపారు, శిష్యుల్ని తెచ్చిపెట్టారు. ఫలితాన్ని ఊహించినవాళ్లే దాన్ని తయారుచేస్తే ఆ ఊహను పరీక్షించే దారి లేదు. పైగా 1925లో తమ్ముడు నిత్యానంద కాలిఫోర్నియాలో క్షయతో పోవడం ఆయన్ని కుదిపేసింది. అది ఏ పట్టికలోనూ లేని సంఘటన.

జర్మన్ మనస్తత్వవేత్త పాల్ బాల్టెస్ ఇలాంటివాటికి తన లెక్కలో చోటిచ్చాడు. మనిషిని మలిచేవి మూడంటాడు: ఆ వయసులో అందరికీ జరిగేవి, ఆ కాలంలో అందరికీ జరిగేవి, ఆ ఒక్కడికే జరిగేవి. పళ్లూడటం మొదటి రకం, 2002 కరువు రెండో రకం, నిత్య మరణం మూడో రకం. పుట్టగానే పరిమళించిన పువ్వును చూసినవాడికి రెండోదీ మూడోదీ తెలిసే అవకాశం లేదు.

పరీక్షలు పెట్టిన శాస్త్రజ్ఞుల అనుభవమూ అంతే. లూయిస్ టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో అతి తెలివైన పిల్లల్ని ఏరి, జీవితాంతం వాళ్ల వెంటపడే అధ్యయనం మొదలుపెట్టాడు. ఆ వడపోతలో నిలవని ఇద్దరు పిల్లలకు, విలియం షాక్లీకి, లూయిస్ ఆల్వరెజ్‌కి, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ట్రాన్సిస్టర్ కనిపెట్టినవాళ్లలో ఒకడైన షాక్లీ లేకుండా నా ఉద్యోగమే లేదు. ముసలితనంలో అదే షాక్లీ తెలివి జాతిని బట్టి వస్తుందని వాదిస్తూ తిరిగాడు. పరీక్ష తన విషయంలో ఎలా గురితప్పిందో ఆయనకు పాఠం కాలేదు.

ఇంతకీ వెంట నడిచే పద్ధతి అన్ని రోగాలకూ మందా? కుప్పం తీసుకోండి. మూడు రాష్ట్రాలు కలిసేచోటు, బెంగళూరు రైలు మార్గం మీద ఊరు. అక్కడ వందమంది పిల్లల పేర్లు రాసుకుని పదేళ్ల తర్వాత వెళితే కొందరు దొరకరు. కుటుంబాలు పనికోసం బెంగళూరు వెళ్లిపోయి ఉంటాయి. ఎవరు వెళ్లిపోతారు? బాగా గడుస్తున్నవాళ్లూ కావచ్చు, అసలు గడవనివాళ్లూ కావచ్చు. మిగిలినవాళ్ల మార్కుల్నే కుప్పం పిల్లల ఎదుగుదల అని చూపిస్తే అది సగం నిజం. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లకు పుస్తకాల తెలుగులో పదాల పరీక్ష పెట్టి, తక్కువ వచ్చాయని రాసుకుంటే, కొలిచింది పిల్లనా, బడి భాషనా? జాబితాలోంచి జారిపోయినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లడం గణాంకాల అవసరం. నాకది మర్యాద కూడా అనిపిస్తుంది.

ఊరికే చూస్తూ కూర్చోవడం న్యాయమేనా అన్న ప్రశ్న ఇంకా ఉంది. బుకారెస్ట్‌లో 2000 తర్వాత 136 మంది అనాథ పసిపిల్లల్ని చీటీలు వేసినట్టు రెండుగా విడదీసి, సగం మందిని పెంపుడు కుటుంబాలకిచ్చారు, సగం మందిని అనాథాశ్రమాల్లోనే ఉంచారు. రెండేళ్ల లోపు ఇంటికి చేరిన పిల్లలు ఎక్కువగా తేరుకున్నారు. మొక్కగా ఉన్నప్పుడు అందే సాయానికి బలమెక్కువ అన్నంత వరకు సామెత నిజమే. ఆశ్రమంలో ఉండిపోయిన పిల్లల మాటేమిటి? అప్పటికి ఆ దేశంలో పెంపుడు కుటుంబాల ఏర్పాటే అంతంతమాత్రం, ప్రయోగం వల్ల ఎవరి పరిస్థితీ ఉన్నదానికన్నా దిగజారలేదు, ఇల్లు దొరికితే ఆ పిల్లల్ని ఆపకూడదని నియమం పెట్టుకున్నామని పరిశోధకులు చెప్పారు. ఆ వాదన నాకు అర్థమవుతుంది, మనసు మాత్రం పూర్తిగా ఒప్పుకోదు. తెలుసుకోవడానికి ఎవరో ఒకరు ఖరీదు కడతారు, ఎక్కువసార్లు ఆ కట్టేది పేదల పిల్లలే. కాబట్టి తెలిసినదాన్ని వాడకుండా పక్కన పెట్టడం, మధ్యాహ్న భోజనంలో గుడ్డు గురించి ప్రతి ఏడూ లెక్కలు చూసుకోవడం, నాకు ఇంకా పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

చివరిగా మాను సంగతి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పగలంతా కూలిపని చేసిన ఆడవాళ్లు రాత్రి బళ్లో పలకా బలపం పట్టారు. పిల్లల తల్లులు, కొందరు అత్తలు. సామెత ప్రకారం వంగని వయసు. ఆ అక్షరాస్యత పుస్తకంలో సారా మీద ఒక పాఠం చదివి, మాట్లాడుకుని, తమ ఊళ్లో సారా అంగడి మూయించారు. అది జిల్లాలు దాటి ఉద్యమమైంది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించాల్సొచ్చింది. వాళ్లలో ఎవరినైనా అంతకు రెండేళ్ల ముందు పరీక్షించి ఉంటే నిరక్షరాస్యురాలు అని ఒక్క ముక్క రాసి ముగించేవాళ్లం. ఆ రోజుకు ఆ మాట సరైన కొలతే.

అందుకని సామెతలు మానేద్దామని నేననను. ఆలస్యం చెయ్యొద్దని తల్లిదండ్రులకూ ప్రభుత్వాలకూ చెప్పడానికి "మొక్కై వంగనిది" మంచి సామెత. పసిబిడ్డ ఆకలితో ఉన్నప్పుడు అది గట్టిగానే అనాలి. నలభయ్యేళ్ల మనిషి ఏదో నేర్చుకుంటానని వచ్చినప్పుడు దాన్ని నోటికి రానివ్వకూడదు. ఇక పిల్లల గురించి, ముసలివాళ్ల గురించి ఏ తీర్పు చెప్పినా పక్కన ఒక తేదీ వేస్తే చాలు. ఫలానా రోజున, ఫలానా భాషలో, ఫలానా పరీక్షలో ఇంత. తర్వాత సంగతి మళ్లీ వెళ్లి చూడాలి.