అయిదూళ్లూ ఇవ్వనన్నప్పుడు

పాండవులు చివరికి అయిదూళ్లిస్తే చాలన్నారు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు దుర్యోధనుడు. పాండవుల యుద్ధానికి ధర్మబలం ఆ నిరాకరణ నుంచే వచ్చింది. వేరుపడతామనే జనానికి తోడుగా పరాయి దేశం సైన్యాన్ని పంపడం న్యాయమేనా అన్న ప్రశ్నను ఇక్కణ్ణుంచే చూడాలంటాను. వేరుపడాలన్న కోరిక ఒక్కటే అందుకు చాలదు. కలిసి ఉండే దారులన్నీ పాలకుడే మూసేసి, హక్కు అడిగినవాళ్ల మీదికే సైన్యాన్ని తోలితే పొరుగువాడికి ఆ అధికారం వస్తుంది. అదీ కొద్దికాలానికే.

అప్పటికి పాకిస్తాన్‌లో భాగమైన తూర్పు బెంగాల్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, జరిగింది అదే. 1966లో అవామీ లీగ్ పెట్టిన ఆరు సూత్రాలు అడిగింది స్వయంప్రతిపత్తిని, ప్రత్యేక దేశాన్ని కాదు. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పున ఉన్న 162 సాధారణ స్థానాల్లో 160 ఆ పార్టీకే వచ్చాయి. 300 సాధారణ స్థానాలున్న జాతీయ సభలో అది స్పష్టమైన ఆధిక్యం. ఆ ఎన్నికలు జరిపింది యాహ్యాఖాన్ సైనిక ప్రభుత్వమే కాబట్టి, ఆ తీర్పు బయటివాళ్లు పుట్టించిందని అనడానికి వీల్లేదు. అయినా సభను కూడనివ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా విశ్వవిద్యాలయం మీద పడింది. జగన్నాథ్ హాల్‌లో విద్యార్థుల చేత తోటివాళ్ల శవాలు మోయించి, మోసినవాళ్లనూ కాల్చి, అక్కడి మైదానంలోనే పూడ్చిపెట్టారు. ఆ ఏడాది కోటిమంది దాకా సరిహద్దు దాటి వచ్చారు. కలకత్తా పక్కన సాల్ట్‌లేక్‌లో కుటుంబాలకు కుటుంబాలు మురుగుకాల్వల కోసం తెచ్చిన సిమెంటు తూముల్లో తలదాచుకున్నాయి.

చివరికి భారత్ తన సైన్యాన్ని అక్కడికి పంపింది. అయినా డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 104 దేశాలు కాల్పుల విరమణకు, సైన్యాల ఉపసంహరణకు ఓటేశాయి. వ్యతిరేకించినవి 11. ఈ తలుపు ఒకసారి తెరిస్తే ప్రతి బలవంతుడూ దూరతాడన్న చిన్న దేశాల భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. భారత్‌కు స్వార్థం లేదా అంటే, ఉంది. పాకిస్తాన్ బలహీనపడటం ఢిల్లీకి కావలసిందే, బెంగాలీ గెరిల్లాల దళమైన ముక్తివాహినికి నెలల ముందునుంచే శిక్షణ ఇచ్చింది కూడా. కానీ మనసులోని ఉద్దేశాన్ని తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. కంటికి కనిపించేవి రెండే: ఆ జనం ముందుగా తమ మాట చెప్పారా, వచ్చినవాడు తిరిగి వెళ్లాడా. డిసెంబరు 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోతే, మార్చి నెల మధ్యకల్లా భారత సేనలు ఢాకా వదిలాయి. క్రిమియాలో 2014లో రష్యా సైనికుల పహరాలో ఓటు వేయించి, రెండు రోజులకే ఆ నేలను కలిపేసుకున్నారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పు.

సదుద్దేశమే కొలత అయితే శ్రీలంకలోనూ మనం గెలవాలి. 1987 ఒప్పందం మీద రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే సంతకాలు పెట్టారు. ఏ తమిళుల కోసమని సైన్యం వెళ్లిందో వాళ్ల సంతకం లేదు. మొదట తీవ్రవాద గుంపులకు ఆయుధాలిచ్చిన దేశమే తరవాత వాటిని లాక్కోవడానికి సైన్యాన్ని పంపింది. ఆ అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల తూటాలకు రోగులతోపాటు డాక్టర్లు, నర్సులు చనిపోయారు. 1990 మార్చిలో తిరిగొచ్చేలోగా వెయ్యిమందికి పైగా మన జవాన్లూ అక్కడ ప్రాణాలు వదిలారు.

బెంగాల్ విజయానికీ మచ్చ ఉంది, దాన్ని దాచకూడదు. లొంగుబాటు జరిగిన రెండు రోజులకు ఢాకా నడిబొడ్డున, విదేశీ ఫోటోగ్రాఫర్ల కళ్లముందే, పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడ్డారంటూ పట్టుకున్నవాళ్లను ముక్తివాహిని గెరిల్లాలు బయొనెట్లతో పొడిచి చంపారు. అప్పటికి ఆ ఊరు మన సైన్యం చేతిలోనే ఉంది. ఒక జనాన్ని కాపాడటానికి వెళ్లిన సైన్యం, ఆ జనం పగబట్టిన బీహారీలనూ కాపాడాల్సింది. ఉర్దూ మాట్లాడే ఆ కుటుంబాలు ఢాకాలోని జెనీవా క్యాంపు ఇరుకు గదుల్లో దశాబ్దాలు గడిపాయి. వాళ్లూ బంగ్లాదేశ్ పౌరులేనని అక్కడి హైకోర్టు తేల్చి చెప్పేసరికి 2008 వచ్చింది.