వీధి వాద్యము - పాత్రాపాత్ర విచారము

దానము చేయువాడు దేశమును, కాలమును, పాత్రమును విచారించవలెనని భగవద్గీత 17వ అధ్యాయము బోధించుచున్నది. అన్నదానమునకు ఆకలియే అర్హత యని పెద్దలు కొంత సడలింపు నిచ్చినారు. విద్య విషయమున, విశేషించి సంగీత విషయమున, ఆ సడలింపు అంత సులభముగా రాలేదు. శ్రుతి తెలియనివాని చేతికి తన వీణ నిచ్చు విద్వాంసుడు అరుదు. అట్లుండగా, దారిన పోవు అపరిచితునకు, వాయించుట వచ్చునో రాదో అడుగకయే ఒక వాద్యమును అప్పగించి "ఇది నీదే" యనుట దానమగునా, అవివేకమగునా?

ఇది ఊహకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ల్యూక్ జెర్రమ్ అను బ్రిటిష్ కళాకారుడు 2008లో బర్మింగ్‌హామ్ నగరమున ఈ పనియే చేసినాడు. ఆయనకు ఆ తలంపు కలిగిన చోటు డబ్బు చెల్లించి యంత్రములలో బట్టలు ఉతుకుకొను ఒక సాధారణ అంగడి. ప్రతి వారాంతమున అచ్చటికి వచ్చువారు వారే. అయినను ఒకరితో నొకరు మాటాడుట లేదు. ఇటువంటి చోట ఒక పియానో ఉన్నచో ఈ మౌనము తొలగునేమో యని ఆయనకు తోచినది. బర్మింగ్‌హామ్‌లో 15 పియానోలను మూడు వారములపాటు బహిరంగ స్థలములలో నిలిపినారు. "నన్ను వాయించు, నేను నీదానను" అనునదే ఆ ప్రయత్నమునకు పేరు, ఆహ్వానము కూడ. 2010లో న్యూయార్క్ నగరమున 60 పియానోలు వెలసినవి. కాలక్రమమున ఇట్టి నగరముల సంఖ్య 70 దాటినది.

పియానో సుకుమారమైన వాద్యము. 88 మెట్లు, లోపల రెండువందలకు పైగా తీగలు, వాని నాదమును పెంచు చెక్కపలక. తేమ తగిలిన చెక్క ఉబ్బును, ఎండకు కుంచించుకొనును, శ్రుతి చెడును. కాలు తగిలిన వాద్యమును కన్నుల కద్దుకొను సంప్రదాయమున పెరిగినవారికి దీనిని వీధిపాలు చేయుట అపచారముగా తోచిన తోచవచ్చును. కాని ఇంటి మూల దుమ్ము పట్టి, ఏండ్ల తరబడి ఎవ్వరును మూత తెరువని వాద్యమునకు జరుగుచున్న గౌరవ మేమి?

ఇంతకంటె బలమైన అభ్యంతరము వేరొకటి కలదు. అన్నము వలదన్నవాడు విస్తరి ముందునుండి లేవవచ్చును. చెవికి రెప్ప లేదు. ఆ వీధిలో మేడమీద రోగి యుండవచ్చును, రాత్రి పనిచేసి పగలు నిద్రించువా డుండవచ్చును. వాయించువానికి స్వేచ్ఛ నిచ్చుటలో వారి సమ్మతిని ఎవరు గైకొన్నారు? దీనిని తేలికగా త్రోసిపుచ్చరాదు. చాలచోట్ల రాత్రివేళ పియానో మూతకు తాళము వేయుట, వాన వచ్చినపుడు కప్పుట, ఇందుకై స్థానికులే పూనుకొనుట జరుగుచున్నది. అనగా దేశకాలముల విచారము ఇచ్చట లోపింపలేదు. విడిచినది పాత్రవిచారము మాత్రమే.

పాత్రవిచారమును విడిచిన మహనీయుని కథ శ్రీవైష్ణవ గృహములకు క్రొత్త కాదు. పదునెనిమిది మారులు తిరిగి పొందిన రహస్యార్థమును శ్రీరామానుజులు తిరుక్కోష్టియూరు గోపురము నుండి అందరికిని ప్రకటించినారని గురుపరంపర చెప్పును. మంత్రమునకును పియానోకును సామ్యము లేదు. ఉన్న కొద్దిపాటి సామ్యము దాతయందే. గురువాజ్ఞ మీరిన దోషఫలమును ఆయన తనపై వేసికొన్నారు, వినినవారిపై వేయలేదు. పాత్రము నెంచక ఇచ్చువాడు తత్ఫలితమైన నష్టమును తానే భరింపవలెను. వీధిలో వాద్యము నుంచువాడు శ్రుతి సవరణను, పొరుగువారి కోపమును, విరిగిన మెట్టును తనవిగా ఎంచనిచో, అతడు చేసినది దానము కాదు. తన భారమును ఊరిమీద వదలుటయే.

బ్రెజిల్ దేశమున సావో పౌలో నగరమునందు జరిగినదానిని జెర్రమ్ పేర్కొన్నాడు. ఒక తల్లి కష్టించి సంపాదించిన ధనముతో కుమార్తెకు పియానో నేర్పించుచుండెను. ఇంట వాద్యము కొనుటకు శక్తి లేదు. పాఠము జరుగు చోటికి తాను పోవు వీలును లేదు. తన కుమార్తె వాయించగా ఆమె మొదటిసారి వినినది ఇట్టి వీధి పియానోపైననే. ఆ తల్లిని వెదకి, ఆమె అర్హత విచారించి, ఆమె ముంగిట పియానో నుంచగల దాత ఎవడు? ఆమె ఉన్నదనియే ఎవ్వరికిని తెలియదు.

గడువు ముగిసిన పిమ్మట ఈ పియానోలలో పెక్కింటిని స్థానిక పాఠశాలలకును, సంఘములకును ఇచ్చివేయుట పరిపాటి.