రాయబారి

దివిసీమలో కోడూరు దిగువన, సముద్రపు కరకట్టకు దగ్గరగా ఓ కౌలురైతు ఉండేవాడు. ఆ ఊరి పొలాల మురుగంతా ఒక డ్రెయిన్‌లోకి చేరి, కరకట్ట కింద ఉన్న స్లూయిస్ గుండా సముద్రంలోకి పోతుంది. పాటు వేళ తలుపులు తెరుచుకుని మురుగును బయటికి వదలాలి. పోటు వేళ మూసుకుని ఉప్పునీటిని ఆపాలి. ఆ తలుపుల్ని తుప్పు తినేసి అడుగున జానెడు సందు పడింది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువైనప్పుడు ఉప్పునీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని చేలల్లోకి పాకేది. వరి ఆకుల కొసలు మాడిపోయేవి. నీరు ఇంకిన చోట మట్టి మీద తెల్లటి పొర కట్టేది.

ఏ చేలో ఎంత ఉప్పెక్కిందో అతనికి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. దోసిట్లోకి నీళ్లు తీసుకుని నాలిక కొసకు తాకించి చెప్పేవాడు. గట్టు మీద కూర్చుని అతను మాట్లాడుతుంటే పనులు ఆపుకుని మరీ వినేవాళ్లు. అందుకే గ్రామసభకు అధికారులు వస్తున్నారనగానే, ‘నువ్వే చెప్పాలయ్యా’ అని ఊరంతా ఆ భారం అతని మీద పెట్టింది.

ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు. చదువుకున్న కుర్రాడొకడి చేత రెండు పేజీల ఉపన్యాసం రాయించుకున్నాడు. ‘వేదికనలంకరించిన పెద్దలకు’ అంటూ మొదలయ్యే ఆ మాటల్ని రాత్రింబవళ్లు బట్టీ పట్టాడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత ఈ తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు కదా, వాళ్ల ఊరి షెల్టర్లోనే సభ. మైకు చేతికిచ్చేసరికి అరచేతులకు చెమట పట్టింది. నోరు పిడచకట్టుకుపోయింది. చేతిలో కాగితం వణికే చప్పుడు మైకులో గరగరమని వినిపించింది. రెండో వాక్యం దగ్గర అంతా మరిచిపోయాడు. తల ఎత్తితే అందరి కళ్లూ తన మీదే. ‘అంతేనండి’ అని కూర్చుండిపోయాడు. అధికారులు రోడ్డు సంగతి, పింఛన్ల సంగతి రాసుకుని వెళ్లారు. స్లూయిస్ మాట ఎవరి పుస్తకంలోకీ ఎక్కలేదు.

ఆ సార్వాలో పక్క చేను కౌలుకు చేసే ఆడమనిషి పంట మొత్తం ఉప్పుకు పోయింది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఆమె అతన్ని ఒక్క మాట కూడా తిట్టలేదు. ‘నువ్వు చెప్తావు కదా అని నేను నోరు తెరవలేదన్నా’ అంది, అంతే.

ఆ మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. గుడివాడ దగ్గర ఉండే మేనమామ దగ్గరికి బయల్దేరాడు. ఆ పెద్దాయన ఒకప్పుడు గుడివాడ, బందరు చుట్టుపక్కల పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టినవాడు. బందరు హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు దివాకర్ల తిరుపతిశాస్త్రి గారితో కలిసి రాసిన పాండవోద్యోగ విజయాలు నాటకాలు ఆయనకు కంఠతా వచ్చు.

అంతా విని పెద్దాయన అడిగాడు: ‘అల్లుడూ, మైకు పట్టుకున్నప్పుడు నీ మనసులో ఏముంది?’

‘తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని, మావయ్యా. కాళ్లు వణకడం చూస్తున్నారేమోనని.’

‘అంటే అంతసేపూ నీ గురించే ఆలోచించావన్నమాట. చేను గురించి కాదు, ఆ అమ్మాయి గురించీ కాదు. ఒరేయ్, కౌరవసభకు కృష్ణుడు ఎందుకెళ్లాడు? తన మాటకారితనం చూపించుకోడానికా? పాండవుల మాట చేరవేయడానికి. రాయబారికి తన సొంత ముచ్చట ఉండదు. పంపినవాళ్ల మాటే ఉంటుంది. నువ్వు పరీక్ష రాసేవాడిలా వెళ్లావు. ఈసారి రాయబారిలా వెళ్లు.’

‘కానీ మావయ్యా, కృష్ణుడు చెప్పినా సంధి కుదరలేదు కదా!’

‘కుదరకపోవడం దుర్యోధనుడి తప్పు. చెప్పకుండా వచ్చేసి ఉంటే అది కృష్ణుడి తప్పయ్యేది.’

కౌలురైతు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: ‘మరి భయం పోయే దారేంటి?’

‘పోదురా. రంగేసుకున్న ప్రతి రాత్రీ తెర లేచేముందు నాకు నోరు ఎండిపోయేది. గుండె దడదడలాడేది. పెద్ద పనికి ఒళ్లు సిద్ధమవుతోందని సరిపెట్టుకునేవాణ్ని. పద్యం ఎత్తుకునేముందు హార్మోనియం శ్రుతి వినిపిస్తుంది చూడు, ఆ కాస్త వ్యవధిలో నెమ్మదిగా ఊపిరి వదిలేవాణ్ని. జనం ఎప్పుడూ విసుక్కోలేదు. నువ్వూ మైకు అందుకోగానే తొందరపడకు.’

ఆ రెండు పేజీలూ పక్కన పెట్టించాడు. ‘మొదటి వాక్యం, చివరి వాక్యం నీ మాటల్లో నోటికి వచ్చేలా చేసుకో. మొదటిది నువ్వెవరి తరఫున వచ్చావో చెప్పాలి. చివరిది ఏం కావాలో అడగాలి. నడుమ చెప్పాల్సింది నీకు రోజూ తెలిసిందే. మనసులో అనుకుంటే లాభం లేదు, పైకి అనాలి. ఇంట్లో అను, గట్టు మీద అను, రచ్చబండ దగ్గర అను. సభకు ముందుగా వెళ్లి నిలబడాల్సిన చోట ఒకసారి నిలబడు. మాట్లాడేటప్పుడు గుంపును చూడకు, ఒక్క మనిషిని చూసి ఒక్క మాట పూర్తి చెయ్యి. ఆ తర్వాత ఇంకొకరిని చూడు.’

కొన్నాళ్లకు బందరులో రైతుల సమావేశం పెట్టారు. పక్క చేను ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు. జనం రాకముందే మైకు దగ్గర నిలబడి హాలంతా కలియజూసుకున్నాడు. అతని వంతు వచ్చింది. మళ్లీ అదే చెమట, అదే వణుకు. ఊపిరి వదిలి, ముందు వరుసలో ఉన్న ఇంజనీరు గారి ముఖంలోకి చూశాడు.

‘అయ్యా, సముద్రం నీళ్లు తాగుతున్న చేల తరఫున వచ్చానండి’ అన్నాడు.

ఆ పైన మాటలు వాటంతటవే వచ్చాయి. తలుపుల అడుగున జానెడు సందు సంగతి చెప్పాడు. ఏ తిథికి నీరు ఎంతవరకు ఎక్కుతుందో, ఏ గట్టు దాటితే ఎవరి పంట పోతుందో చెప్పాడు. ఒకచోట తడబడ్డాడు, ఆగాడు, మళ్లీ అందుకున్నాడు. చివరికి, ‘పౌర్ణమి పోటు వేళ మీరొకసారి వచ్చి ఆ తలుపుల దగ్గర నిలబడండి. అదే మేం అడిగేది’ అని ముగించాడు. ఇంజనీరు గారు తేదీ అడిగి రాసుకున్నారు.

కూర్చున్నాక పక్కనున్న ఆమెను మెల్లగా అడిగాడు: ‘నా కాళ్లు ఎంత వణికాయో చూశావా?’

‘లేదన్నా. నువ్వు చెప్పేది వింటున్నాను’ అంది ఆమె. అని, మైకు తనకిమ్మని చెయ్యి ఎత్తింది.

నీతి: సభలో మాట్లాడేవాడు పరీక్షకు కూర్చున్నవాడు కాదు, పదిమంది మాట మోసుకొచ్చిన రాయబారి. చూపు తన మీద నుంచి విషయం మీదికి మళ్లితే భయం ఉన్నా మాట ఆగదు.

ఇది కథకు మాత్రమే పరిమితమైన సత్యం కాదు. 1891లో లండన్ వదిలి వస్తూ గాంధీజీ మిత్రులకు విందు ఇచ్చారు. సిద్ధం చేసుకున్న ప్రసంగంలో మొదటి వాక్యం దాటలేకపోయారు. తర్వాత బొంబాయి కోర్టులో తొలి కేసుకు లేచి నిలబడి, తల తిరిగి, ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయి, తీసుకున్న ఫీజు 30 రూపాయలూ వాపసు ఇచ్చారు. 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల ముందు, వాళ్ల బతుకుల గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆయన గొంతు పెగిలింది. దక్షిణాఫ్రికాలోనే తన బిడియం తగ్గిందనీ, పూర్తిగా మాత్రం ఎన్నడూ పోలేదనీ ఆత్మకథలో రాసుకున్నారు. మన భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడ కాంగ్రెస్ సభల వేళ జాతీయ జెండా నమూనా అందించింది ఆ మనిషికే. అప్పటికి దేశమంతా ఆయన మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంది.

వణుకు అందరికీ కనిపించిపోతోందన్న బెంగ కూడా చాలామటుకు మన ఊహే. కెనెత్ సవిట్స్కీ, థామస్ గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది. వక్త తనలోని కంగారు ఎంత బయటపడుతోందని అనుకుంటాడో, శ్రోతలకు అంత కనపడదు. ఈ సంగతి ముందుగా తెలిసినవాళ్లు మిగతావాళ్లకంటే మెరుగ్గా మాట్లాడారు కూడా.

కాబట్టి భయం పోయాక మాట్లాడదామని వాయిదా వేయవద్దు. తెలిసినవాడు నోరు మూసుకుంటే ఆ నష్టం అతని ఒక్కడితో ఆగదు, అతన్ని నమ్ముకున్న పక్క చేనుకు కూడా తగులుతుంది. గొంతు వణికితే వణకనివ్వండి, చెప్పాల్సింది చెప్పండి. వినడం, వినకపోవడం ఎదుటివాళ్ల బాధ్యత. చేరవేయడం మనది.